సంతోష్‌నగర్‌లో కొరియా బువ్వ

రంగనాయకి, యాభై ఆరేళ్లు. రోజూ రెండు పూటలా భర్త కంచంలో అన్నం కలిపి పెడుతుంది.

ఆయన చేతికి ఏ జబ్బూ లేదు. ముప్పై మూడేళ్ల కింద ఆమె హుస్సేనీ ఆలంలోని ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి అత్తగారు కొడుక్కి అన్నం కలిపి పెడుతూ ఉంది. అత్తగారు మంచం పట్టాక ఆ పని కోడలికి వచ్చింది. బీరువా తాళాలు మాత్రం ఇంకో ఆరేళ్లకు గాని రాలేదు. పప్పు ఎంత పడాలి, నెయ్యి ఎప్పుడు పడాలి, మెతుకు ఎంత నలగాలి, అన్నీ ఆమె వేళ్లకు తెలుసు. ఆయన తిని లేచాక ఆమె వంటింట్లో నిలబడి, మిగిలింది గిన్నెలోంచే తింటుంది. దీన్ని ఆ ఇంట్లో ఎవరూ చాకిరీ అనరు. ప్రేమ అంటారు. ఆ మాట అనేది కూడా తిన్నవాళ్లే.

ఆ ఆదివారం పొద్దుగూకేలోగా ఆమె ఒక జవాబు చెప్పాలి. సంతోష్‌నగర్‌లో, మెయిన్ రోడ్డు నుంచి లోపలికి రెండో గల్లీలో, టైలర్ షాపు పైన తహ్రీమ్ అనే ముప్పై ఏళ్ల అమ్మాయి చిన్న కొరియా హోటల్ నడుపుతోంది. నాలుగు బల్లలు, గోడకు ఒక ఫ్యాను. పోయిన బుధవారం ఆమె రంగనాయకిని అడిగింది: వారానికి నాలుగు రోజులు వచ్చి, కొరియావాళ్ల పద్ధతిలో గోబీ, అంటే క్యాబేజీ, ఊరబెట్టి ఇస్తారా, జీతం ఇస్తాను అని. సోమవారం పొద్దున మాదన్నపేట మండీ నుంచి గోబీ బస్తాలు దిగుతాయి. ఆదివారం సాయంత్రానికి ఔననో కాదనో తేల్చాలి, లేకపోతే ఇంకొకామెను పెట్టుకుంటుంది. రంగనాయకి ఈ సంగతి భర్త దగ్గర మూడుసార్లు ఎత్తింది. వేణుగోపాల్ మూడుసార్లూ పేపర్లో తర్వాతి పేజీ తిప్పాడు.

ఇప్పుడాయన అరుగు మీద కాళ్లు చాపుకుని అదే హోటల్ గురించి చెబుతున్నాడు. తలుపు వెనక పీట మీద రంగనాయకి చిక్కుడుకాయలు తుంచుతోంది. కరెంటు లేదు. వినకుండా ఉండాలంటే వీధి అవతలికి పోవాలి, పోవడానికి ఓపిక లేదు.

అరుగు మీద వినేవాళ్లు ఇద్దరు. బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం ఉన్న బాలకిషన్, చౌరస్తా దగ్గర గడియారాలు బాగుచేసే మొహియుద్దీన్. వేణుగోపాల్ సర్కారు ఆఫీసులో ఉన్న రోజుల నుంచీ ఆయన కోతలు ఇద్దరికీ తెలుసు. అయినా వస్తారు. ఆ అరుగు మీదికి సాయంత్రం గాలి వస్తుంది, రంగనాయకి చాయ్ వస్తుంది.

"నువ్వు హైటెక్ సిటీల ఏదో కొరియా హోటల్ల రెండు వేలు పెట్టి తిన్న అని నెల సంది చెప్తున్నవు చూడు బాలకిషన్, నాకు నవ్వొస్తది. మన సంతోష్‌నగర్‌ల నూట అరవైకి పెడ్తున్నరు. పోయిన బుధవారం నేనే పోయి తిన్న. చిన్న జాగ, మెట్లు ఇట్ల నిలువుగ ఉంటయి, మోకాళ్లు పట్టుకొని ఎక్కాలె. ఎక్కిన. కూసున్న. తిన్న. గంతే."

"గంతేనా?" అన్నాడు మొహియుద్దీన్. గొంతులో కాస్త ఆశ ఉంది.

"గంతే అంటే గంతే కాదు భాయ్. నేనింక మెట్ల మీద ఉండంగనే లోపలికెల్లి కిమ్ సాబ్ ఉరికొచ్చిండు."

మొహియుద్దీన్ గోడకు ఆనుకున్నాడు. "కిమ్ సాబ్ ఎవరు?"

"ఓనరు. అసలైన కొరియావోడు. నన్ను చూసి నడుము దాంక వంగిండు. వాళ్ల మర్యాద గట్ల ఉంటది. మరి నేనూ వంగాలె గదా, వంగిన. ఆయన ఇంకింత వంగిండు. నేనింకింత. గట్ల వంగుకుంట వంగుకుంట ఇద్దరి తలకాయలు నేలకు ఆనినయి, గప్పుడు ఆయనే అన్నడు, సాబ్ ఇగ లేద్దాం, బువ్వ చల్లారుతున్నది అని."

"ఏ భాషల అన్నడన్నా?" అన్నాడు బాలకిషన్.

"వంగినంక భాషతోని ఏం పని?"

"భాభీని గూడ తీసుకపోయినవా?" అన్నాడు మొహియుద్దీన్.

"ఆమెకు బయటి తిండి పడది."

తలుపు వెనక ఒక చిక్కుడుకాయ టప్‌మని విరిగింది.

"ముందుగాల చిన్న చిన్న కటోరీలు ఆరు తెచ్చి పెట్టిండ్రు. పాలకూర, మొలకలు, ముల్లంగి, గోబీ, గింకేవో. అవి ఉత్తగనే ఇస్తరు, అయిపోతే మల్ల ఏస్తరు, పైసలడుగరు, అది వాళ్ల రివాజు. ఉత్తగ అంటే నేనెందుకు ఇడుస్త? ఒకసారి మల్ల అన్న. రెండోసారి మల్ల అన్న. పదకొండోసారికి హోటల్ల పాలకూర అయిపోయింది, మనిషిని మాదన్నపేట ఉరికిచ్చిండ్రు. ముప్పయ్యోసారికి మాదన్నపేటలనే అయిపోయింది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఇబ్రహీంపట్నం దిక్కు రైతులు నాకోసమని విత్తనం ఏస్తున్నరంట, సాబ్ ఇరవై రోజులు ఆగుతరా అని కబురొచ్చింది."

"ఆగినవా?"

"యాడ ఆగుత? సాయంత్రం మీతోని చాయ్ ఉండె గదా."

బాలకిషన్ ఆవులించాడు. ఆవలింతను దాచుకోవడం వాళ్ల మధ్య ఎప్పుడో పోయింది.

అప్పుడే ఒక స్కూటీ వచ్చి అరుగు ముందు ఆగింది. బుర్ఖా మీద హెల్మెట్, ముక్కు దాకా దుమ్ముకు కట్టుకున్న నఖాబు. దిగినామె, "రంగనాయకి ఆంటీ ఉన్నరా?" అని అడిగింది.

లోపల రంగనాయకి చేతులు ఆగిపోయాయి. ఆ గొంతు తహ్రీమ్‌ది. జవాబు ఫోన్లో వస్తుందని సాయంత్రం దాకా చూసి, రాకపోయేసరికి తనే వచ్చింది.

వేణుగోపాల్ తల తిప్పలేదు. "ఉన్నది ఉన్నది, లోపలున్నది. రెండు నిమిషాలు కూసోమ్మా, మాట నడుమ ఉన్న." ఆమె హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుని అరుగు చివర కూర్చుంది. పొద్దున్నించీ పొయ్యి ముందు నిలబడ్డ మనిషి. ఎవరు కూర్చోమన్నా కూర్చుంటుంది.

"యాడున్న? ఆఁ, ఇగ అసలు బువ్వ వచ్చింది. రాతి గిన్నెల తెస్తరు. నల్లగ, రోలు లెక్క. అడుగున అన్నం, మీద ఒక్కో రంగు కూర ఒక్కో కుప్ప, నడుమ ఎర్రటి కారం ముద్ద. ఏదీ కలిపి ఉండది. తినేటోడే కలుపుకోవాలె. పొయ్యి మీదికెల్లి దించి అట్లనే తెస్తరు, చిటపట చిటపట అంటుంటది, దగ్గరికి పోతే మీసాలు కాలుతయి. మామూలోళ్లు పొడుగు చెంచా పట్టుకొని భయం భయంగ కలుపుతరు. నేను చెంచా పక్కకు పెట్టిన."

"కైకూ?"

"కైకూ అంటవేంది మొహియుద్దీన్! మాది గుడి సేవ జేసిన ఇల్లు. ఉత్సవాలప్పుడు మా తాత గంగాళంల పులిహోర ఒంటి చేత్తోని కలిపిండు, సెగలు కక్కుతుండంగనే. గా నెత్తురు గాదా ఇది?" కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. మెత్తటి చెయ్యి. అరచేతిలో కాయ లేదు, గోటి కింద పసుపు మరక లేదు. "చెయ్యి పెట్టిన. కిమ్ సాబ్ కళ్లు మూసుకున్నడు. ఒక తిప్పు తిప్పిన, చిటపట బంద్. రెండో తిప్పుకు వాసన లేచింది. మూడో తిప్పుకు కిటికీలకెల్లి బయటవడి ఐ.ఎస్. సదన్ చౌరస్తా దాంక పోయింది. పోతున్న బస్సు ఉన్నకాడ్నే ఆగింది. డ్రైవర్ దిగిండు, కండక్టర్ దిగిండు, ప్యాసింజర్లు దిగిండ్రు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? ఖాళీ బస్సు తనంతల తనే ఇంత ముందుకొచ్చి, మెట్ల కాడ ఆగింది."

"బస్సు గూడ తిన్నదా?" బాలకిషన్ గొంతులో వెటకారం చేసే శక్తి కూడా లేదు. ఊరికే అడిగాడు.

"బస్సు ఎట్ల తింటదిరా, అక్కల్ ఉన్నదా? వాసన చూసింది. జామ్ అయింది. పోలీసోళ్లు లాఠీలు పట్టుకొని పైకొచ్చిండ్రు, ఎవడు కలుపుతున్నడు అని. నన్ను చూసి లాఠీలు గోడకు ఆనిచ్చి, సాబ్ ఒక్క ముద్ద అన్నరు. అందరికీ పెట్టిన. గిన్నె ఎంత? గింత. ఎంతమందికి పెట్టిన? మూడు వందలమందికి. కలిపే చెయ్యిని బట్టి ఉంటది భాయ్. ఇంతల కిమ్ సాబ్ ఫోన్ తీసి కొరియాకు వీడియో కాల్ పెట్టిండు. ముందు వాళ్లమ్మ చూసింది. వాళ్లమ్మ పక్కింటోళ్లను పిలిచింది. అరగంటల ఊరంత, గంటల దేశమంత. ఫ్యాక్టరీలు బంద్, బడులు బంద్, అందరు నా చెయ్యే చూస్తున్నరు. ఇగ చెంచాలు వద్దు, చేత్తోనే కలుపుడు అని కొరియా సర్కారు ఆర్డర్ తీసింది. ఉన్న చెంచాలన్ని కరగబెట్టి నా చెయ్యి బొమ్మ పోస్తున్నరు, నాలుగంతస్తుల ఎత్తు. బొటనవేలు మీదనే ఒక కుటుంబం కిరాయికి ఉండొచ్చు."

"చెంచాలు బందా? అన్నా, నా దుకాణంల నలభై డజన్లు పడి ఉన్నయి. గవి ఏం జెయ్యాలె?"

"కరగబెట్టు. ఇగ కొరియావోళ్లు, రేపు హెలికాప్టర్ పంపుతం రాండ్రి అన్నరు. హుస్సేనీ ఆలంల యాడ దిగుతది? మన గల్లీల ఆటోనే మర్లదు. మీ డాబా మీద దించుతం అన్నరు, నేనే వద్దన్న. ఎందుకో ఎరుకేనా? ఆ గాలికి మొహియుద్దీన్ దుకాణంల గడియారాల ముల్లులన్ని లేచిపోతయి. దోస్తు కడుపు కొట్టి నేను కొరియా పోవాల్నా?"

"మెహర్బానీ," అన్నాడు మొహియుద్దీన్ కళ్లు తెరవకుండా.

వేణుగోపాల్ తలుపు వైపు కొంచెం తిరిగాడు. గొంతు పెంచాడు.

"ఆఖరుకు కిమ్ సాబ్ నా కాళ్ల మీద పడ్డడు. సాబ్, మీరు రాకపోతే పాయె, మీ ఇంట్లకెల్లి ఎవర్నన్న పంపుండ్రి, మా గోబీ ఊరబెట్టనీకి అని. నేనన్న, చూడు కిమ్, మా ఇంట్ల ఆడోళ్లు ఇంకొకల వంటింట్లకు పోరు. ఆ మాట మల్ల ఎత్తకు. గంతే. ఆడ్నే తెంపి వచ్చిన."

మూడుసార్లు అడిగితే రాని జవాబు ఇది. ఇద్దరు మగవాళ్ల ముందు, ఒక అబద్ధం నడుమ, లేని మనిషికి చెప్పినట్టుగా వచ్చింది. రంగనాయకి చిక్కుడుకాయల చాట పక్కకు పెట్టింది. లేవలేదు. ఈ ఇంట్లో చాలా జవాబులు ఇలాగే విన్నది, విని లేచి చాయ్ పెట్టింది. లేస్తే మళ్లీ చాయే పెడతానేమోనని కూర్చుంది.

అరుగు చివర నుంచి తహ్రీమ్ అడిగింది. "అంకుల్, చెయ్యి కాలలేదా?"

"కాలలేదమ్మా. చెప్పిన గదా, మా తాత..."

"ఎట్ల కాలుతది? గిన్నె మీరు ముట్టలే గదా." ఆమె నఖాబు కిందికి లాగింది. "కలిపింది ఎవరో చెప్పుండ్రి."

వేణుగోపాల్ ఆమెను చూశాడు. గుర్తుపట్టలేదు. బుధవారం తనకు మూడుసార్లు పాలకూర వేసిన చెయ్యిని చూశాడు గాని, ఆ చెయ్యి ఎవరిదో తలెత్తి చూడలేదు.

"నువ్వెవరమ్మా?"

"ఆ హోటల్ నాది. నా పేరు తహ్రీమ్. ఆడ కిమ్ సాబ్ ఎవ్వరు లేరు. చెన్నై దిక్కు కొరియావాళ్ల ఫ్యాక్టరీ క్యాంటీన్ల ఐదేండ్లు పని జేసి నేర్చుకొని వచ్చి, నేను పెట్టుకున్న. గిన్నెలు మా తమ్ముడు మొయిన్ కడుగుతడు. మా ఇద్దరిల ఎవరం మీకు వంగలే అంకుల్. నాకు నడుము నొప్పి, వంగరాదు."

మొహియుద్దీన్ కళ్లు తెరిచాడు.

ఆమెకు కోపం లేదు. పొద్దున్నించీ ఎన్నిసార్లో చెప్పిన ధరల పట్టీ మళ్లీ చెబుతున్నట్టు చెప్పింది. "గిన్నె తెచ్చి మీ ముంగట పెట్టిన. మీరు రెండు చేతులు ఒళ్లె పెట్టుకొని కూసున్నరు. ఐదు నిమిషాలైంది, అడుగు మాడుతున్నది. ఏమన్న తక్కువైందా అంకుల్ అంటే, 'ఇంకా కలపలే' అన్నరు. చేతికి దెబ్బ తగిలిందేమో అనుకున్న, నాకు పాపం అనిపించింది గూడ. గప్పుడు మీ ఎనక నిలబడ్డ ఆంటీ పోయి చేతులు కడుక్కొచ్చిన్రు. చెంచా తీసుకొని కలిపి, చల్లార్చి, మీ ముంగటకు జరిపిన్రు. మీరు తిన్నరు."

"భాభీ వచ్చిందా మరి?" మొహియుద్దీన్ వేణుగోపాల్‌ను అడిగాడు. జవాబు తహ్రీమే చెప్పింది.

"వచ్చిన్రు. అంకుల్ ఒకటే ప్లేటు చెప్పిన్రు. ఆంటీకి కుర్చీ ఎయ్యనా అంటే, వద్దమ్మా, నిలబడుడు నాకు అలవాటే అని ఆంటీయే అన్నరు. ఒక్క గోబీ ముక్క నోట్ల ఏసుకొని, 'ఉప్పు పట్టినంక నీళ్లు సరిగ పిండలే నువ్వు, బరువు పెట్టలే, రెండ్రోజులల్ల మెత్తబడి చెడుతది' అన్నరు. మన గోబీ ఆ దేశం గోబీ లెక్క కాదు, నీళ్లు మస్తు ఇడుస్తది. నాకది ఏడాది సంది సమజ్ కాలే. శుక్రవారం చూస్తే ఆంటీ చెప్పినట్టే చెడింది, మూడు డబ్బాలు పారబోసిన. అందుకే వచ్చిన."

కోత కోసినవాడు దొరికిపోతే అరుగు మీద నవ్వు లేవాలి. ఈసారి లేవలేదు.

మొహియుద్దీన్ మెల్లగా అన్నాడు. "వేణూ భాయ్, హెలికాప్టర్ సంగతి ఇడువు. గది నేనెట్లాగూ నమ్మలే. ఇదొక్కటి చెప్పు. ఇంట్ల గూడ భాభీయే కలిపి పెడ్తదా? ఇప్పటికీ?"

"అదేందిరా, అందరిండ్లల్ల ఉండేదే గదా." ఆయన బాలకిషన్ వైపు చూశాడు.

బాలకిషన్ చెప్పుల వైపు చూశాడు. ఆయన భార్య బత్తాయి తొనలకు తోలు ఒలిచి, గింజలు తీసి ఇస్తుంది. ఆ సంగతి ఇక్కడ ఎత్తాల్సిన అవసరం ఆయనకు కనపడలేదు.

రంగనాయకి బయటికి వచ్చింది. చేతిలో చాయ్ గ్లాసులు లేవు. అరుగు మీద మగవాళ్లు ముగ్గురూ ముందు ఆమె చేతులే చూశారు.

"రేపు ఎన్నింటికి రావాలె?" అంది తహ్రీమ్‌తో.

"పదింటికి ఆంటీ."

"పెద్ద ఉప్పే గదా ఉన్నది? సన్నుప్పు అయితే నేను రాను."

"పెద్ద ఉప్పే తెప్పిస్త."

"అరే, ఆగు," అన్నాడు వేణుగోపాల్. "మాట్లాడుదాం. నేనెప్పుడన్న వద్దన్ననా నిన్ను? ఇంకొకసారి అడుగు, చెప్త."

"కిమ్ సాబ్‌కు చెప్పినవు గదా. విన్న."

"అరే, అది కథ!"

"నేనూ గదే అనుకున్న."

ఆయన నాలుగంతస్తుల చెయ్యిని ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు. ఆ సాయంత్రం మొత్తంలో ఆయన కోత కలపకుండా అన్న మాట అదొక్కటే. అందులో కోపం లేదు, నిజంగా భయం ఉంది.

"మరి నా బువ్వ?"

రంగనాయకి ఆయన వైపు చూసింది. అరవై రెండేళ్ల మనిషి. ఆఫీసులో ముప్పై ఏళ్లు సంతకాలు పెట్టినవాడు.

"వండి పెట్టి పోత," అంది.

తహ్రీమ్ హెల్మెట్ పెట్టుకుని స్కూటీ తిప్పింది. ఆ గల్లీలో స్కూటీ తిప్పడానికి కూడా రెండుసార్లు వెనక్కి తొయ్యాలి. బాలకిషన్ లేచి ఒక చెయ్యి వేశాడు. మొహియుద్దీన్ ఇంకో పది నిమిషాలు కూర్చుని, చాయ్ రాదని అర్థమయ్యాక, ఖుదా హాఫిజ్ చెప్పి వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి రంగనాయకి అన్నం ఒక గిన్నెలో, పప్పు ఒక గిన్నెలో, నెయ్యి చిన్న గిన్నెలో పోసి, మూడింటికీ మూతలు పెట్టి, పక్కన ఖాళీ కంచం పెట్టి, సంతోష్‌నగర్ వెళ్లింది. ఏదీ కలపలేదు.